గోడ మూసేలోపు

ఏప్రిల్ 7, సోమవారం

వాస్తవాలు మాత్రమే రాస్తాను. అలవాటు.

ఉదయం మేడమీద గది పని మొదలైంది. ఒకటే గది. వీధివైపు ఒక కిటికీ, వెనక ఒక తలుపు. ఇంట్లోంచి పైకి వెళ్ళే ఇరుకు మెట్లే దారి. మేస్త్రీ వచ్చి దారం కట్టాడు, సుద్దతో నాలుగు గీతలు గీశాడు, టీ తాగాడు. ఇక పని మొదలైనట్టే అని చెప్పి వెళ్ళిపోయాడు.

గది ఎవరిదనే విషయంపై ఇంట్లో రెండు అభిప్రాయాలున్నాయి. కుట్టు క్లాసుకని మా ఆవిడ అంటుంది. "ముందు కట్టనీ, తర్వాత చూద్దాం" అని నేనంటాను. ఇది ఒప్పుకోవడం కాదు, కాదనడమూ కాదు. ఉద్యోగం చేసినంతకాలం పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళ నోటివెంట ఇలాంటి వాక్యాలు విని రాసుకున్నాను. ఇప్పుడు నా వంతు.

నేను పనిచేసిన పత్రిక మూతపడ్డాక నాకు కూర్చునే చోటు లేదు. హాలంతా మిషన్లు, వాటి ముందు కుట్టు నేర్చుకునేవాళ్ళు. పడగ్గదిలో తలుపు వేసుకున్నా టకటక వినిపిస్తూనే ఉంటుంది. మా పత్రిక ఆఖరి రోజు గురించి పుస్తకం రాయాలి. నాకంటూ గది ఉంటే రాసేస్తాను.

ఇవాళ రాయలేదు. చప్పుడు.

ఏప్రిల్ 9, బుధవారం

బామ్మర్ది వచ్చాడు. ఊళ్ళో పెద్ద భవనాలు కట్టించే ఇంజనీరు. ఈ పనికి ప్లాను నేను వేస్తానంటే నవ్వాడు. తర్వాత కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"ఇల్లు కట్టడమంటే ఇటుకమీద ఇటుక పెట్టడం కాదు బావా. ఏ పని అయితేగానీ ఏ పని మొదలవదో తెలిసుండాలి. పనులన్నీ చీటీలమీద రాయి. వరసలో పేర్చు."

రాశాను, పేర్చాను. చూసి తల పట్టుకున్నాడు.

"గోడలకి పూత అయ్యాక కరెంటు పైపులా? పూసిన గోడ మళ్ళీ పగలగొడతావా?"

"పత్రికలో అయితే తప్పును రెండో ఎడిషన్లో దిద్దేవాళ్ళం."

"ఇక్కడ రెండో ఎడిషన్ సుత్తితో వేస్తారు బావా."

మా ఆవిడ పక్కనే నేలమీద గుడ్డ పరిచి, మోకాళ్ళమీద వంగి కత్తిరిస్తోంది. తలెత్తకుండానే అడిగింది: "తమ్ముడూ, గదికి పెద్ద సామాను ఎలా ఎక్కిస్తారు?"

"మెట్ల మలుపులో మంచం కూడా తిరగదక్కా. అందుకే వీధివైపు గోడలో ఖాళీ వదులుతారు. పైన కప్పీ కట్టి, తాడుతో ఇటుకలూ ఇసుకా అక్కణ్ణుంచే లాగుతారు. పనులన్నీ అయ్యాక ఆ ఖాళీ మూసి కిటికీ పెడతారు. మూశాక ఇంక లోపలున్నది లోపలే."

"ఓహో" అని మళ్ళీ కత్తిరించుకుంది. నేను గుడ్డ తొక్కకుండా దాటుకుని వంటింట్లోకి వెళ్ళాను.

లోపలున్నది లోపలే. మంచి వాక్యం.

ఏప్రిల్ 11, శుక్రవారం

కాగితం వ్యాపారి గోడౌనుకి వెళ్ళాను. ఒకప్పుడు మా పత్రికకు కాగితం వేసినవాడు, స్నేహితుడు. మా డెస్కు బల్ల అతని దగ్గరే ఉంది. ఆఫీసు సామాను వేలం వేసిన రోజు దాన్ని ఎవరూ కొనలేదు. సబ్ ఎడిటర్లందరూ చుట్టూ కూర్చుని పనిచేసిన బల్ల అది. పైచెక్క ఒకటే ముక్క, కాళ్ళు ఊడవు. ఏ ఇంటి తలుపులోంచీ పట్టదు. అందుకే నాకిచ్చేశారు.

వాస్తవం: గదిలో ఆ బల్ల పెడితే ఇంక మిషన్లకు చోటుండదు. బల్ల ఉన్న గది బల్లది. బల్ల నాది.

ఇంట్లో చెప్పలేదు. ఇంకా ధ్రువీకరించని సమాచారాన్ని బయటపెట్టకూడదు.

ఏప్రిల్ 14, సోమవారం

ప్లాను గీశాను. పత్రిక కాగితం చుట్ట ఒకటి మిగిలి ఉంటే, హాలు గోడ పొడుగునా అంటించాను. పైన వారాలు, పక్కన పనులు, ఒక్కో పనికి ఒక్కో రంగు పట్టీ. గోడలు, కప్పు, తడపడం, పైపులు, పూత. చివర్న గోడ మూత, కిటికీ, రంగు. గోడ మూతకు ముందు చిన్న ఆకుపచ్చ పట్టీ గీసి 'ఇతరములు' అని రాశాను.

మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి చాలాసేపు నిలబడి చూసింది.

"ఇతరములంటే?"

"ప్రతి ప్లానులోనూ ఉంటుంది."

"ఎవరి ప్లానులో?"

"పెద్ద పెద్దవాళ్ళ ప్లానుల్లో."

"అయితే కాస్త పెద్దదే గీయండి. తర్వాత చాలకపోతే ఇబ్బంది."

పట్టీ పెద్దది చేశాను. ఆవిడ సహకారం సంతోషం కలిగించింది.

ఏప్రిల్ 22, మంగళవారం

ప్లానులోంచి కప్పు పోసే వారాలు మాయమయ్యాయి. అక్కడ గోడ కనిపిస్తోంది. విచారించగా, క్లాసులో అందరూ కత్తెరమ్మ అని పిలిచే అమ్మాయి దాన్ని చొక్కా చేతికి నమూనాగా కత్తిరించుకున్నట్టు తెలిసింది.

"రంగు గీతలుంటే, పాఠం కోసం అంటించారనుకున్నా సార్."

"అది కప్పమ్మా. ఇంటి కప్పు."

"చెయ్యి మాత్రం చక్కగా కుదిరింది సార్."

క్లాసంతా నవ్వింది. మా ఆవిడ అటు తిరిగి నవ్వింది. కప్పును చేతినుంచి విడదీసి మళ్ళీ అంటించాను. ఇప్పుడది భుజం దగ్గర కాస్త వంపు తిరిగి ఉంది.

రాయలేదు. చప్పుడు.

ఏప్రిల్ 30, బుధవారం

గోడలు మనిషెత్తు దాటాయి. వీధివైపు ఖాళీ వదిలారు. అడగడానికి పైకి వెళ్ళాను.

"ఎంత వెడల్పు వదిలావు మేస్త్రీ?"

"ఎంత కావాలో అంత సార్."

"ఇంకాస్త వదిలితే మంచిదేమో."

"సరిపోతుంది సార్."

"దేనికి సరిపోతుంది?"

"దేనికి కావాలో దానికి."

టేపు పెట్టి కొలిచాను. బల్లకు కరెక్టుగా సరిపోతుంది, ఒక వేలు ఎక్కువే. అదృష్టమంటే ఇదే. ఖాళీ అంచున ఇటుకమీద నీలం సుద్దతో ఒక గీత ఉంది. మేస్త్రీ వాడేది తెల్లసుద్ద. ఇది ఎక్కడిదో పట్టించుకోలేదు.

మే 5, సోమవారం

బామ్మర్ది రెండో పాఠం. పనులన్నీ ఒకేలాంటివి కావట. కొన్ని కాస్త జరిగినా ఎవరికీ నష్టం లేదు, వాటికి వెసులుబాటు ఉంటుంది. కొన్ని ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. వాటిలో ఒక్కటి ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి. "ఆ దారిలో ఏముందో తెలిసినవాడి చేతిలోనే పని ఉంటుంది బావా. మిగతావాళ్ళు తిరుగుతూ ఉంటారంతే."

మన దారిలో ఏముందని అడిగాను. గోడ మూత అన్నాడు. అది అయితేగానీ కిటికీ రాదు, కిటికీ వస్తేగానీ రంగు పడదు.

నా లెక్క వేరు. బల్ల ఎక్కితేగానీ గోడ మూయకూడదు. మా ఆవిడ పూట మొత్తం ఇల్లు విడిచి వెళితేగానీ బల్ల ఎక్కదు. ఆవిడ ఇల్లు కదలదు. వెసులుబాటు లేనిది అదొక్కటే.

మే 14, బుధవారం

కప్పు పోశారు. వీధిలో కాంక్రీటు కలిపే మిషను పొద్దున్నుంచి సాయంత్రం దాకా గర్జించింది. తట్టలు చేతులు మారుతూ పైకి వెళ్ళాయి. ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినిపించక అందరూ సైగలు చేసుకున్నారు. మేస్త్రీ సైగను టీ అనుకుని నేను టీ తెప్పించాను. అతనడిగింది నీళ్ళు. టీ కూడా తాగారు.

ఒక వింత. మెట్లమీద కూర్చుని, ఆ గోలలో పుస్తకానికి ఒక పేజీ రాశాను. కాకతాళీయం.

మే 15, గురువారం

క్లాసుకి సెలవు. మేస్త్రీ రాలేదు. ఇల్లంతా నిశ్శబ్దం.

రాయలేదు. కారణం తెలియరాలేదు.

మే 29, గురువారం

కప్పును ఇన్నాళ్ళూ తడిపి, కింద పెట్టిన కర్రలు తీసేశారు. నిలబడింది.

బల్ల ఎలా ఉందో చూద్దామని గోడౌనుకి వెళ్ళాను. కాళ్ళ దగ్గరా, పైచెక్క అంచునా నీలం సుద్ద గుర్తులున్నాయి. కాగితం వ్యాపారిని నిలదీశాను.

"ఎవరో వచ్చి చూసిపోయారు."

"కొంటామన్నారా? ఇది నాదని చెప్పలేదూ?"

"కొనేవాళ్ళు కాదులే. కొలిచేవాళ్ళు."

"ఎవరు?"

"నాకెందుకయ్యా ఈ గొడవలు" అని రసీదు పుస్తకంలో తల దూర్చాడు. ఇది మామూలుగా సమాచారం ఉన్నవాడి మాట. కానీ ఆ సంగతి తర్వాత చూడొచ్చు. బల్లమీద ఇంకెవరో కన్నేశారు. ముందు దాన్ని తరలించాలి.

జూన్ 9, సోమవారం

పైపులు, పూత అయిపోయాయి. గురువారం గోడ మూసేస్తానని మేస్త్రీ అన్నాడు. మా ఆవిడ ఇంట్లోనే ఉంది. మేస్త్రీని వీధి చివరి టీకొట్టుకి తీసుకెళ్ళాను.

"ఒక నాలుగు రోజులు ఆగాలి."

"ఎందుకు సార్?"

"ఎందుకని ఎవరైనా అడిగితే మోకాలు నొప్పి అని చెప్పు."

"ఏ మోకాలు సార్?"

"ఏదో ఒకటి. నీ ఇష్టం."

ఆలోచించాడు. "ఎడమది పోయిన వారమే వాడేశాను. కుడిది చెప్తాలెండి."

పని తెలిసిన మనిషి. ఇంకో టీ చెప్పాను.

జూన్ 12, గురువారం

మేస్త్రీ కుంటుతూ వచ్చి కుడి మోకాలు చూపించి వెళ్ళాడు. మా ఆవిడ జాలిపడి మందు కూడా ఇచ్చింది.

తర్వాత నా దగ్గరికొచ్చి చెప్పింది: "సోమవారం క్లాసువాళ్ళందర్నీ బట్టల మార్కెట్‌కి తీసుకెళ్తున్నా. వచ్చేసరికి సాయంత్రమవుతుంది. మీరొక్కరే ఉండగలరా?"

"ఏదోలా ఉంటాను."

"ఎలాగూ గోడ మూసేది మంగళవారమేగా."

అవునన్నాను. మంగళవారమని ఆవిడతో నేనైతే చెప్పలేదు. వివరాలు అందవలసి ఉంది.

జూన్ 16, సోమవారం

బల్ల ఎక్కింది.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి బండి వచ్చింది. వెనకే బామ్మర్ది. దారిన పోతూ ఆగాడట. దారిన పోతున్నవాడి బండిలో పెద్ద కప్పీ, లావుపాటి తాడు, నలుగురు మనుషులు ఉన్నారు.

"ఇవన్నీ ఎందుకు తిప్పుతున్నావురా?"

"ఉంటే మంచిది బావా."

బల్లను గోనెసంచులు చుట్టి నిలువుగా కట్టారు. తాడు లాగుతుంటే నేల విడిచి, నెమ్మదిగా తిరుగుతూ పైకి లేచింది. ఎదురింటివాళ్ళు అరుగుమీదికి వచ్చారు. సగం ఎత్తులో గాలికి ఊగి, కింది గోడవైపు వచ్చింది. కిందున్న మనిషి పక్కతాడు లాగి పట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బల్ల ఖాళీ ముందుంది.

"కొంచెం ఎడమకి" అన్నాడు బామ్మర్ది. "గీత దగ్గరికి రానీ. నీలం గీత."

గీత దగ్గరికి రాగానే బల్ల లోపలికి జారింది, అటు వేలు ఇటు వేలు ఖాళీతో.

పైకి వెళ్ళి గోనెసంచులు విప్పాను. టీ గ్లాసుల గుండ్రటి మరకలు, సిరా మరకలు, మా చీఫ్ సబ్ ఎడిటర్ కోపమొచ్చినప్పుడల్లా పెన్సిలుతో పొడిచిన చోటు, అన్నీ ఉన్నాయి. దాన్ని కిటికీ రాబోయే వైపు గోడకు చేర్చమన్నాను.

"మధ్యలో ఉంటేనే బాగుంటుంది బావా. నాలుగు వైపులా తిరగొచ్చు."

"నేను నాలుగు వైపులా ఎందుకు తిరుగుతాను?"

"ఉంటే మంచిది" అన్నాడు మళ్ళీ. నలుగురూ అప్పటికే మధ్యలో పెట్టేశారు. అంత బరువు మళ్ళీ ఎత్తమనలేకపోయాను.

జూన్ 17, మంగళవారం

మేస్త్రీ రెండు మోకాళ్ళతోనూ చురుగ్గా వచ్చి గోడ మూశాడు. కిటికీ చట్రం కూర్చుంది.

మా ఆవిడ పైకి వచ్చింది. నేను రెండు రోజులుగా తయారుచేసుకున్న మాటలు చెప్పాను. ఇది అనుకోకుండా వచ్చిందని, మెట్లలో పట్టదని, గోడ మూసేశారు గనక ఇక చేయగలిగింది లేదని. లోపలున్నది లోపలేనని.

ఆవిడ బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. చెక్కమీద అరచెయ్యి పెట్టింది.

"గట్టిదే. అయితే ఇంకేం చేస్తాం?" అని కిందికి వెళ్ళిపోయింది.

గెలిచాను. ఎన్నికల ఫలితాల రోజున చాలా ముఖాలు దగ్గర్నుంచి చూసినవాణ్ణి. ఆవిడది ఓడినవాళ్ళ ముఖంలా లేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే, వాస్తవం కాదు.

జూన్ 20, శుక్రవారం

గది ఉంది. బల్ల ఉంది. తలుపు వేసుకుంటే నిశ్శబ్దం ఉంది.

రాయలేదు. రంగు వాసన.

జూన్ 22, ఆదివారం

వాసన పోయింది. రాయలేదు. కాసేపు కిటికీలోంచి వీధి చూశాను. తర్వాత బల్ల తుడిచాను. అది నిన్న కూడా తుడిచాను.

జూన్ 24, మంగళవారం

పొద్దున నడకకి వెళ్ళి వచ్చేసరికి హాలు ఖాళీగా ఉంది. నా ప్లాను ఒక్కటే గోడమీద ఉంది, వంపు తిరిగిన కప్పుతో సహా. టకటక పైనుంచి వస్తోంది.

పైన మిషన్లన్నీ గోడల వెంట బారుగా ఉన్నాయి. బల్లమీద ఈ చివర్నుంచి ఆ చివరికి నీలం సుద్ద గీతలున్న గుడ్డ పరిచి ఉంది. మా ఆవిడ నిటారుగా నిలబడి, బల్ల చుట్టూ తిరుగుతూ కత్తిరిస్తోంది.

"ఇవన్నీ ఎలా వచ్చాయి?"

"మెట్లమీంచి. మిషను ఎంతని? ఇద్దరు పడితే ఒకటి వచ్చేసింది" అంది కత్తెరమ్మ.

"ఇది నా బల్ల" అన్నాను.

"మీదే. ఎవరు కాదన్నారు? ఎక్కించింది కూడా మీరేగా" అంది మా ఆవిడ, కత్తెర ఆపకుండా.

"నీకెప్పుడు తెలుసు?"

"ఇతరములు అని రాశారు చూడండి, అప్పుడు. మీరు దేనికైనా పేరు పెట్టలేదంటే అది నాకు చెప్పకూడనిదే. కాగితం ఆయన దగ్గరికి వెళ్ళి అడిగితే చూపించాడు."

"కొలిచింది నువ్వేనా?"

"కొలవకుండా గోడలో ఖాళీ ఎంత వదలమని చెప్పను?"

మేస్త్రీ గుమ్మానికి మిగిలిన పూత వేస్తున్నాడు. అతనివైపు చూశాను.

"నన్ను చూడకండి సార్. ఇద్దరూ వచ్చి విడివిడిగా ఒకటే మాట చెప్పారు, గోడ మూయొద్దని. ఆమెకి ఎడమ మోకాలు, మీకు కుడిది ఇచ్చాను. ఒకళ్ళ మాట ఒకళ్ళకి చెప్పలేదు. అది పద్ధతి కాదు."

"మీ తమ్ముడు కూడానా?" అని మా ఆవిడని అడిగాను.

"వాడేగా పాఠం చెప్పింది. పెద్దవి ముందు, చిన్నవి తర్వాత. మీరూ విన్నారు, నేనూ విన్నాను. మీరు కాగితంమీద గీశారు."

నాకు చెప్పాల్సిందన్నాను.

"కత్తిరించుకోడానికి మీ ఆఫీసు బల్ల కావాలని అడిగితే తెచ్చేవారా?"

నిజాయితీగా ఆలోచించాను. తెచ్చేవాణ్ణి కాదు. అదే చెప్పాను.

"మరి? ఇంత బల్ల బజార్లో ఎక్కడా దొరకదు. చేయిద్దామంటే వడ్రంగి నవ్వాడు. ఎన్నాళ్ళని నేలమీద పాకను? లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తున్నాను, చూళ్ళేదా?"

చూశాను. రోజూ గుడ్డ తొక్కకుండా దాటుకుని వెళ్ళాను. అంత జాగ్రత్తగా దాటినవాడికి, ఆవిడ ఎలా లేస్తోందో కనిపించలేదు. ఈ డైరీలో కూడా ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూశాను.

క్లాసంతా మిషన్లు ఆపి వింటోంది. ఆవిడ గుడ్డ కొంచెం వెనక్కి మడిచింది. కిటికీ వైపు మూలన, చెక్కమీద నీలం సుద్దతో ఒక గడి గీసింది. ఒక నోటుపుస్తకం, ఒక మోచెయ్యి, ఒక టీ గ్లాసు పట్టేంత.

"ఇది మీది. దీన్ని దాటితే కత్తెర తగులుతుంది, నన్ననొద్దు."

"ఈ గోలలో నేనెలా రాస్తాను?"

"కప్పు పోసిన రోజు ఎలా రాశారో అలా."

ఆ పేజీ సంగతి ఆవిడకు నేనైతే చెప్పలేదు.

జూన్ 26, గురువారం

గడిలో కూర్చున్నాను. మిషన్లన్నీ ఒకేసారి తిరిగితే బల్ల సన్నగా అదురుతుంది. కింది అంతస్తులో అచ్చు మిషను మొదలైనప్పుడు ఆఫీసులో ఈ బల్ల ఇలాగే అదిరేది. అప్పుడు అందరం తలలు దించుకుని రాసేవాళ్ళం.

నాలుగు పేజీలు రాశాను.

కాకతాళీయం అనే మాట ఇకమీదట ఆలోచించి వాడాలి.

జూన్ 27, శుక్రవారం

రాశాను.

కత్తెరమ్మ నా భుజంమీంచి తొంగిచూసి, "ఇందులో మేమున్నామా సార్?" అంది. లేరన్నాను. "అయితే ఎవరు కొంటారు?" అంది.

జూన్ 28, శనివారం

వాళ్ళంతా భోజనానికి కిందికి వెళ్ళినప్పుడు సుద్దగీత చెరిపి, జానెడు అవతల మళ్ళీ గీశాను. అదే నీలం సుద్ద, అదే మందం. ఎవరూ గమనించరు. నా కాగితాలు పెరుగుతున్నాయి గనక ఇది అవసరం. అవసరాన్ని ఆక్రమణ అనరు.

మధ్యాహ్నం ఆవిడ వచ్చి మామూలుగానే కత్తిరించుకుంది.

జూన్ 30, సోమవారం

పొద్దున పైకి వెళ్ళేసరికి గీత నేను జరిపిన చోట లేదు. ఇంకో రెండు వేళ్ళు అవతల ఉంది.

నేను జరపలేదు.